నన్ను గట్టోడన్నారు

మొన్న ఆదివారం విడవలూరు దాపున సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు, నా మనవరాలూ దాని స్నేహితులూ ఫోన్లు చేతపట్టుకుని సరుగుడు మొదళ్ళ దగ్గర వంగి ఏదో వెతుకుతూ, నేను దగ్గరకు రాగానే చటుక్కున లేచి ఫొటోలు దిగుతున్నట్టు నటించారు. అందరికంటే బాగా నటించింది మోకాళ్ళ నొప్పుల నా చెల్లెలు. నిలదీస్తే మనవరాలు చెప్పింది. ఎవరెవరో చిన్న డబ్బాలు దాచి ఆ చోటు ఫోనులో గుర్తు పెడతారట, మిగతావాళ్ళు వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే దాచేస్తారట. ఈ ఆట సంగతి తెలియని దారినపోయేవాళ్ళ కంట పడకూడదట. అలాంటివాళ్ళకు ప్రపంచమంతటా వీళ్ళు పెట్టుకున్న పేరు మగుల్.

"అంటే నేనా?"

"నువ్వే తాతయ్యా. కొంచెం అట్ట తిరిగి నిలబడు, డబ్బా పెట్టేయాల."

"మరి మీ అవ్వో?" అని చెల్లెల్ని చూపించాను.

"అవ్వ మా టీము."

దేవుణ్ణీ దెయ్యాన్నీ వేదికలెక్కి ప్రశ్నించినవాణ్ణి, మగుల్ అన్న ఆ మూడు అక్షరాల మాటకు బుద్ధిగా సముద్రం వైపు తిరిగాను. నా ఈడువాళ్ళకు చెప్పుకుంటే సిగ్గు లేదు కాబట్టి చెబుతున్నాను, అసూయతో కడుపు మండిపోయింది. అది కొత్త మంట కూడా కాదు.

మాది లోపలి వరిపొలాల ఊరు. నాన్న బడిపంతులు కావడంతో, బదిలీ మీద ఇదే తీరాన ఒక జాలర్ల పాళేనికి వచ్చి పడ్డాం. ఆ పాళెం పిల్లలు సరుగుడు తోపుకీ నీళ్ళకీ మధ్య ఇసుకలో ఒక పొడుం డబ్బా పాతిపెట్టేవారు. అందులో గవ్వలు, పూసలు, తెగిన గాలాలు ఉండేవి. గాలి ఇసుకను ఎంత చదును చేసినా మర్నాడు తిన్నగా వెళ్ళి తీసేవారు. ఎలాగని అడిగితే గంగమ్మ చూపిస్తుందనేవారు, గట్టోళ్ళకి తెలియదనేవారు. గట్టు దాటి సముద్రంలోకి దిగనివాళ్ళం గనుక మేము గట్టోళ్ళం. నెల తిరగకుండానే చెల్లెలు వాళ్ళలో కలిసిపోయింది, నేను మాత్రం గట్టోడిగానే మిగిలాను. అది చేప పులుసు వాసనతో ఇంటికి వచ్చి నన్ను చూసి నవ్వినప్పుడల్లా ఆ డబ్బాను సముద్రం మింగేస్తే బాగుండునని కోరుకునేవాణ్ణి.

గంగమ్మ చూపిస్తుందన్న మాట నేను ఒక్క పూట కూడా నమ్మలేదు. నా హేతువాదం బహుశా ఆ అసూయలోనే మొలకెత్తింది. కాపు కాసి చూశాను. చెల్లెలు తవ్వబోయే ముందు తల రెండుసార్లు తిప్పుతోంది. ఒక పక్క ఒంటి తాటిచెట్టు వెనక పడవల పాక కొప్పు దాక్కోవాలి, ఇంకో పక్క తోపు మొన వెనక మా బడి గోడ దాక్కోవాలి. ఆ రెండూ ఒకేసారి కుదిరే చోటు ఒక్కటే. నడిసముద్రంలో చేపల తావు పట్టడానికి వాళ్ళ పెద్దలు వాడే విద్య అదే.

ఒక సాయంత్రం డబ్బా తవ్వి తీసి, అందరి ముందూ ఎత్తి చూపించాను. గంగమ్మ లేదు, తాటిచెట్టే ఉందని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇక నన్ను చేర్చుకోక తప్పదనుకున్నాను. వాళ్ళలో పెద్దపిల్ల డబ్బా లాక్కుని, "నీకెవురు చూపించినారబ్బయ్యా?" అంది.

"ఎవరూ చూపించలేదు, నేనే కనుక్కున్నా."

"అయితే గట్టోడివే."

వాళ్ళ పద్ధతి అది. పడవలోకి కొత్తగా వచ్చినవాడికి గుర్తు నోటితో చెప్పరు. తెలిసినవాడు వాడి గడ్డం పట్టుకుని తలను ఇటొకసారి అటొకసారి తిప్పి చూపిస్తాడు. అలా చూపించుకున్నవాడే తమవాడు. ఆ పెద్దపిల్ల మా చెల్లెలి గడ్డం పట్టుకుని తిప్పిందట. నాన్నకు మళ్ళీ బదిలీ అయ్యేదాకా నా గడ్డం జోలికి ఎవరూ రాలేదు. సరైన జవాబు చెబితే తలుపు తెరుచుకుంటుందన్న నా నమ్మకానికి అదే మొదటి ఓటమి. ఆ తర్వాత వాదాలెన్ని గెలిచినా ఆ తలుపు అలాగే మూసుకుని ఉండిపోయింది.

ఇప్పుడు ఒంటితాడి లేదు. పడవల పాక ఉన్నచోట రొయ్యల గుంటలు. పాళెంలో నన్ను గట్టోడనేవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. వీపు తిప్పుకుని ఇసుకలో కూర్చుని ఇవన్నీ తలచుకుంటుంటే, వెనకనుంచి చెల్లెలు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, "ఏందన్నా, మూతి అట్ట ముడుచుకున్నావు? నీకూ చూపిస్తాలే" అంది. ఇన్నేళ్ళకు ఆ మాట విన్నాను. తెలియకుండానే గడ్డం కొంచెం పైకెత్తాను.

అది నా చేతిలో ఫోను పెట్టింది. "ఇందా, ఆ బాణం ఎట్ట చూపిస్తే అట్ట పో" అని, మనవరాలి దగ్గరకు వెళ్ళిపోయింది. బాణం సరిగ్గానే చూపిస్తోంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు అక్కడే, ఎత్తిన గడ్డం దించకుండా కూర్చున్నాను.