స్వామికి విడిచిన తేనెపెట్టె

ఏ ప్రాణికి ఎంత చోటు ఇవ్వాలో ఎరిగిన మహానందీశ్వరునికి ముందుగా నమస్కారం. తేనెటీగనూ, దాని గూటిని తినే పురుగునూ పుట్టించినవాడు ఆయనే. ఆ రెంటి నడుమ మనిషిని కాపలా ఉంచినవాడూ ఆయనే.

ఈ ఉదయం తేనెపెట్టె అడుగుపలక గీకుతుంటే ముక్కిపోయిన మైనం వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, మా మేనత్త ఈశ్వరమ్మ గుర్తుకొస్తుంది. బనగానపల్లె దగ్గర మామిడితోటలో ఆమె తేనెటీగలను పెంచేది. సోమవారం భజనలో మొదట లేచే గొంతు ఆమెదే. నాకు శివపురాణం చెప్పిందీ, ఈగలకు బెదరకుండా పెట్టె మూత తీయడం నేర్పిందీ ఆమే.

మామయ్య నాగప్ప ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు మోసి మోసి, ఊపిరి చెడి ఇంటికొచ్చాడు. ఆ ఏడు శివరాత్రికి అత్త, ఆబోతును దేవుని పేర వదిలినట్టే, అన్నిటిలోకి బలమైన పెట్టెను మహానంది స్వామికి విడిచింది. దాని మీద విభూతి రేఖలు దిద్ది, "ఆయప్ప తేరుకుంటే మళ్ళా శివరాత్రికి దీంట్లో తేనంతా నీకే అభిషేకం. అందాకా మూత తీయను సామీ," అని మొక్కింది.

మామిడి పూత అయిపోయింది. ఎండలకు ఈగలు పలచబడ్డాయి. మిగతా పెట్టెలను అత్త వారం వారం తెరిచి, నల్లబడిన పాత పట్టు కోసేసి, అడుగున రాలిన చెత్త ఊడ్చేది. మైనపు పురుగు పెరిగేది ఆ చెత్తలోనే. స్వామి పెట్టెకు మాత్రం పసుపు కుంకుమలే. ఒకనాడు దాని వాకిట్లో బూజులాంటి దారాలు కనిపించాయి. ఆ పురుగులే రెక్కలొచ్చి, బూడిదరంగు చిమ్మటలై పక్క పెట్టెల మీద వాలుతున్నాయి.

"తెరుద్దామత్తా, లేకుంటే అన్నీ పోతాయి," అన్నాను.

"యాడ తెరిచేదప్పా? ఆ మనిషి పానానికి మొక్కింటి."

మంచం మీద మామయ్య దగ్గుతూనే నవ్వాడు. "ఏమే, రాచ్చసుని పానం చిలకలో పెట్టినట్ల నాది ఆ పెట్టెలో పెట్టినావా? పురుగులకు మేపనీకేనా? తెరువు."

ఆమె చాలాసేపు ఆ విభూతి రేఖలనే చూసింది. లెంపలేసుకుని మూత తీసింది. పట్టంతా సాలెగూడులా అల్లుకుపోయి, తెల్లని పురుగులు మెదులుతున్నాయి. మిగిలిన గుప్పెడు ఈగలను పక్క పెట్టెలోకి దులిపి, స్వామి పెట్టెను ఎండుగడ్డి వేసి కాల్చింది. మిగతావి దక్కాయి. తొలకరికి ముందే మామయ్య పోయాడు.

దినాల నాడు భజనకొచ్చే ఒకావిడ వినపడేలా అంది: "దేవుని సొత్తు కాల్చినాక ఇంగేం మిగుల్తాది?"

అత్త తల ఎత్తలేదు. "సామి నన్ను కాయమన్యాడు. చూస్తా కూసోమనలేదు. కాయాల్సినప్పుడు కూసున్యా. తప్పు అదొకటే," అంది.

మరుసటి శివరాత్రికి దక్కిన పెట్టెల తేనెను మహానందికి నేనే మోసుకెళ్ళాను. అత్త వచ్చింది గాని, భజనలో అందరికీ వెనక కూర్చుంది. ఆ తరువాత ఆమె గొంతు ఎన్నడూ ముందు లేవలేదు. అంత గట్టిగా చెప్పిన మాటను తాను నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆమె పోయాక పెట్టెలు నా చేతికొచ్చాయి. నేనూ ఏటా ఒకటి స్వామికి విడుస్తాను. వారం వారం ముందుగా తెరిచేది దానినే.

ఇది చదివిన మీరూ నాతో ఒక్కమారు చేతులు జోడించండి. శంకరా, ఆ మూత తీసిన చేతులను తప్పు పట్టకు.