పలకని ఫోన్లకు పచ్చదీపం

శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రి ఇంటర్నెట్ ఫోన్ల సర్వర్ చూసేవాణ్ణి. ప్రతి ఫోనూ తాను పనిచేస్తున్నట్టు సర్వర్‌కి చెబుతుండాలి. చెప్పకపోతే దాని పేరు తీసేసి, కాల్‌ని పక్క ఫోనుకి పంపాలి. మేనేజరు మాత్రం ఏ పేరూ తీయొద్దన్నాడు. తెర మీద అన్నీ పచ్చగా కనబడితే యజమానికి సంతోషమట.

ఒకరోజు కళింగపట్నం నుంచి ఒకామె, ఊపిరాడని భర్తను ఆటోలో వేసుకొచ్చింది.

"అంబులెన్సు కోసం ఎన్నిసార్లు సేసినా మోగుతాది గానీ ఎవులూ ఎత్తరేటి బాబూ!" అని ఏడ్చింది.

ఆమె కాల్స్ అన్నీ ఎప్పుడో తీగ పీకేసిన ఫోనుకే వెళ్లాయి. అది చూపిస్తే మేనేజరు నవ్వాడు. "వచ్చీసినారు కదా, ఇంకేటి?"

నేను సర్వర్ ముందు కూర్చున్నాను. అతని కళ్లెదుటే పలకని ఫోన్ల పేర్లన్నీ తీసేశాను. తెర సగం ఖాళీ అయింది.

ఆమె భర్త బతికాడు. నా ఉద్యోగం పోయింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.