మగ్గం మీద నేసిన ఇంగ్లీషు

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్లకు చెమట పడుతుంది. గద్వాలలో మా మగ్గాల వీధికి అప్పటికింకా ఇంగ్లీషు పూర్తిగా చేరలేదు. టికెట్టు, లైటు, కరెంటు కట్టు లాంటి నాలుగు మాటలతోనే అందరం కాలం వెళ్లదీసేవాళ్లం. అటువంటి చోట మా అక్క ఇంటి మొత్తానికి పెద్ద చదువు నాది. ఏడో తరగతి. (పాసా, ఫెయిలా అని అడక్కండి, ఆ సంగతి తేలేలోపే నేను వచ్చేశాను.) మా ఊరు వీపనగండ్లలో బడికీ నాకూ పొసగక, మగ్గం నేర్చుకుంటానని అక్కాబావల దగ్గర చేరిన కుర్రాణ్ని. నాలుగు జోకులు వేసి అందరినీ నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు అన్నం తినేసి లేచిపోవడం నా పద్ధతి. అంత సుఖంగా బతుకుతున్నవాడి మీద ఒకరోజు ఇంగ్లీషు వచ్చి పడింది.

అక్కకు ఒకటే ఆశ: తన కూతురు చిట్టి మగ్గం గుంటలో కాళ్లు పెట్టకూడదు, ఇంగ్లీషు బడికి పోవాలి. బావ వాళ్లమ్మకు అది గిట్టదు. నెలల తరబడి సాగిన ఆ పంచాయితీ చివరికి ఒక మాట మీద ఆగింది. "ఒక్కపారి పో. సీటొస్తే మంచిదే. రాకుంటే మాత్రం మల్ల నా ముందర ఇంగ్లీషు బడి మాటెత్తొద్దు," అంది అత్తమ్మ. అక్క సరేనంది. బడికి పోయి అడిగొస్తే, చివర 'టి' అక్షరం వచ్చే చిన్న చిన్న మాటలు ఓ పది, పిల్ల తనంతట తాను చెప్పాలన్నారట. అక్క నేరుగా నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, ఇంట్ల సదువుకున్నోడివి నువ్వే. ఇగ నీదే భారం."

పది మాటలు నాకే వచ్చో రావో! క్యాట్, బ్యాట్, ర్యాట్ దాకా కళ్లు మూసుకుని వెళ్లాను. హ్యాట్, మ్యాట్ కాసేపటికి తగిలాయి. పాట్ అంటే కుండ, హాట్ అంటే ఉడుకు, సిట్ అంటే కూర్చో, నెట్ అంటే దోమతెర (అప్పటికి దానికి వేరే అర్థం మాకు తెల్వదు). కట్ అనే మాట మా వీధి పిల్లలకు నేర్పాల్సిన పనే లేదు, రోజూ మధ్యాహ్నం కరెంటే నేర్పుతుంది. ఎలాగోలా పోగుచేశాను గానీ, నేర్పడానికి తీరికేది? పెళ్లివాళ్ల చీర మగ్గం మీద ఉంది, నేయిస్తున్న సావుకారు పొద్దుకోసారి వచ్చి గుమ్మంలో దగ్గుతున్నాడు. అందుకని చిట్టిని మగ్గం పక్కనే కూర్చోబెట్టుకున్నాను. కాలు తొక్కితే "క్యాట్", దారం మోసుకుపోయే నాడె విసిరితే "బ్యాట్". ఇంకో కాలు, "ర్యాట్". ఇంకో విసురు, "హ్యాట్". "చూడు చిట్టీ, మన చీర తీరే. ఒంట్ల నూలు మారుతది, అంచు మాత్రం ఒకటే పట్టు. గట్లనే ముందర మాట మారుతది, ఆఖర్ల 'ట్' ఒకటే," అని చెప్పాను. పిల్ల తల ఊపింది. చీర అయ్యేసరికి మాటలన్నీ దాని నాలుక మీదకొచ్చాయి. నాకంటే వేగంగా చెబుతుంటే వీధిలో వాళ్లు వాకిట్లో నిలబడి వినేవాళ్లు.

బడికి పోయే రోజు బావ బూట్లు నాకు తొడిగారు. నా కాళ్లకు అవి చిన్నవి. ఆటోలో అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. "తమ్మీ, సీటు రాకుంటే నేనే మొఖం వెట్టుకొని ఇంటికి పోవాలె?" అంటుంటే నేను ఇరుకు బూట్లలో కాలివేళ్లు ముడుచుకున్నాను. చిట్టి మాత్రం ఆటో దడదడకు తగ్గట్టు క్యాట్ బ్యాట్ అని హుషారుగా చదువుతోంది. గేటు దగ్గర ఆటో ఆగింది. చిట్టీ ఆగింది. నాకు అప్పుడైనా వెలగలేదు.

హెడ్‌మేడం గది చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. "చెప్పమ్మా, టీ తో ఎండ్ అయ్యే వర్డ్స్," అందావిడ. చిట్టి నోరు విప్పలేదు. "చెప్పు బిడ్డా, చెప్పు," అని అక్క గొణిగింది. లేదు. మేడం మళ్లీ అడిగింది. చిట్టి నా కాళ్ల వంకే చూస్తోంది. బూట్లు నచ్చాయేమో అనుకున్నాను. "భయపడుతోంది. వచ్చే ఏడాది చూద్దాంలెండి," అంటూ మేడం కాగితాలు సర్దసాగింది. అత్తమ్మ వాకిట్లో కూర్చుని దారి చూస్తున్నట్టు నాకు అక్కడి నుంచే కనబడింది. అప్పుడు వెలిగింది: పిల్ల చూస్తున్నది బూట్లను కాదు, కదలని కాళ్లను!

ఇక సిగ్గు చూసుకోలేదు. కుర్చీ అంచుకు జరిగి, బూట్లతోనే నేలను తొక్కడం మొదలుపెట్టాను. కుడికాలు, ఎడమకాలు. చేత్తో లేని నాడె విసురుతూ, నోటితో "టక్... టక్..." అన్నాను. మేడం లేచి నిలబడింది. "ఏమైందండీ మీకు? నీళ్లు తెప్పించమంటారా?" నేను జవాబు చెప్పే స్థితిలో లేను, నేత మధ్యలో ఉన్నాను. చిట్టి ముఖం విచ్చుకుంది. "క్యాట్! బ్యాట్! ర్యాట్! హ్యాట్! మ్యాట్! ఆగాగు, పోగు తెగింది!" అని, కళ్లు చిట్లించి, రెండు వేళ్ల మధ్య గాలిలో ముడి వేసి, "ఆఁ, పో! పాట్! హాట్! సిట్! నెట్! కట్!" అంది.

నా కాళ్లు ఆగిపోయాయి. నేర్పేటప్పుడు సరిగ్గా అక్కడే దారం తెగితే నేనన్న మాట అది. పిల్ల దాన్నీ పాఠంలో కలిపేసుకుంది.

మేడం మళ్లీ కూర్చుంది. "మధ్యలో ఒకటి చెప్పింది కదా, దానికి చివర టీ లేదే?"

"లేదు మేడం. దాన్ని తీసెయ్యిండ్రి. ఇంకోటి ఇస్తం," అన్నాను, నాసిరకం సరుకు అమ్మి దొరికిపోయిన దుకాణదారుడిలా. అక్క మాత్రం మెల్లగా అంది: "అది మా ఇంటి మాట మేడం. పోగు తెగితే జర ఆగి, ముడేసుకొని మల్ల నేస్తం. మా బిడ్డ గూడ గంతే చేసింది."

మేడం పెదవులు బిగబట్టింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనకాల నుంచే గుమస్తాను పిలిచి, "ఈ పాప పేరు రాసుకోండి," అంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడప మీదే ఉంది. విషయం విని, చిట్టి నోట్లో బెల్లంముక్క పెట్టి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పిల్లకిచ్చిండ్రు సరే. అంత ఆట ఆడినవు గదా, నీకియ్యలేదారా సీటు?" అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బూట్లు విప్పి చూసుకుంటే మడమలు రెండూ బొబ్బలు.

చిట్టి ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. నేను మగ్గం మీద ఉండగానే వీడియో కాల్ చేస్తుంది. పక్కనున్న స్నేహితురాళ్లతో దాని ఇంగ్లీషు మా ఊరి స్టేజీలో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా పోతుంటే, కిటికీలోంచి తెలిసిన ముఖం కనబడినట్టు ఎక్కడో ఒక 'ట్' నాకు చెయ్యూపి పోతుంది. మొన్న మాట్లాడుతూ ఉండగానే నెట్ పోయింది. కాసేపటికి మళ్లీ చేసింది.

"పోగు తెగింది మామా. ఆఁ, ఏడిదాక వచ్చినం?"

బొబ్బలెక్కిన కాళ్లతో, పరాయి బూట్లలో, లేని మగ్గాన్ని తొక్కుతున్న ఆ కుర్రాడు కళ్ల ముందు నిలబడ్డాడు. పిచ్చోడు, ఎంత పరేషాన్ అయ్యాడో! "చెప్త ఆగు బిడ్డా," అంటూ గుంటలో కాలు కదిపాను. అటువైపు నుంచి చిట్టి, అడక్కుండానే, "క్యాట్" అంది.