కదిలినా కనపడాల

బల్ల చల్లదనం వీపుకు తగలగానే ఒళ్ళు జలదరించింది. కడపలో గుండె పరీక్షకు నన్ను పడుకోబెట్టారు. రక్తనాళంలోకి సన్నని తీగ పంపి, దాని కొసను ఎక్స్‌రే తెర మీద చూస్తూ గుండె దాకా నడిపిస్తారు. నన్ను సరిగ్గా జరిపేందుకు ముందుగా ఒకసారి ఎక్స్‌రే వేశారు. తెర మీద నా ఛాతీ పెళ్ళి ఆల్బమ్‌లా నున్నగా మెరిసింది. "సూడు తాతా, బొమ్మ ఎంత సక్కగుండాదో!" అన్నాడు టెక్నీషియన్ మురిసిపోతూ. నాకు ఒళ్ళు మండింది. నున్నగా ఉంటే మంచి బొమ్మేనని వీళ్ళకు ఎవరు చెప్పారో! సువార్త మేడమ్ ఉంటే వీడి చెవి మెలిపెట్టేది.

కర్నూలులో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రాల తనిఖీ అంతా ఆమెదే. మైదుకూరు దగ్గరి పల్లె మనిషి, భౌతికశాస్త్రం చదివింది. నేను ఎనిమిదితో బడి మానేసిన మగ్గం ఇంటివాణ్ణి. స్టోరులో పారేసిన మిషన్ల పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. అది చూసి నన్ను తన కింద వేయించుకుంది. అంతటితో నా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. పొద్దున్నే మనిషి ఛాతీకి బదులుగా బల్ల మీద ప్లాస్టిక్ దిమ్మెలు పేర్చాలి. వాటి మధ్య సన్నవీ, మరీ సన్నవీ తీగలు పొదిగిన పలక పెట్టాలి. ఎంత సన్న తీగ దాకా కనపడుతుందో తేలందే రోగిని లోపలికి రానిచ్చేది కాదు. "బాగుంది మేడమ్" అన్నానంటే విరుచుకుపడేది.

"బాగుండేది చీర, ఓబులేసూ. బొమ్మలో ఏం కనపడతాంది, ఏం కనపడల్యా, అది చెప్పు."

ఒకనాడు కంపెనీ ఇంజనీరు వచ్చి బొమ్మలోని గరుకంతా తుడిచేసే కొత్త ఫిల్టరు పెట్టాడు. పెద్ద డాక్టరు పొంగిపోయాడు. పలక పెట్టి చూస్తే తీగలన్నీ కనపడ్డాయి. బయట ఎర్రగుంట్ల లారీ డ్రైవరు ఒకాయన పరీక్షకు కాచుకుని ఉన్నాడు. ఆయన తమ్ముడు తలుపు బాదుతున్నాడు. "మాయన్న పరగడుపున ఉండాడు. మీరు ఈడ దిమ్మెలు పెట్టుకోని ఆటలాడుకుంటాండారా?"

ఆ కోపం నాకు న్యాయమనే తోచింది. "చాలు మేడమ్, అన్నీ కనపడినాయి గదా" అన్నాను.

"గుండె కదలకుండా ఉంటాదేమప్పా?" అంటూ ఆమె కట్టుగుడ్డ చింపి పలకకు రెండు వైపులా కట్టింది. "లాగు. మగ్గం ఇంటోనివి, నీకు నేర్పాల్నా?"

ఎక్స్‌రే సోకకుండా సీసపు కోట్లు తొడుక్కుని ఇటు నేను, అటు ఆమె గుండె కొట్టుకునే లయలో పలకను లాగాం. తెర మీద అన్నిటికన్నా సన్న తీగ కరిగిపోయింది. ఆ ఫిల్టరు వెనకటి బొమ్మలను కొత్త బొమ్మతో కలిపి నునుపు తెస్తుంది. కదిలేది కాస్తా ఆ కలపడంలో అలుక్కుపోతుంది.

"కానీ బొమ్మ అందంగా ఉంది కదా మేడమ్" అని గొణిగాడు ఇంజనీరు.

"కొస కనపడక నాళానికి చిల్లు పడితే ఆ అందం ఎవురికి గావాలప్పా?"

ఫిల్టరు తగ్గించారు. బొమ్మ రాగిపిండి చల్లినట్టు గరుకుగా మారింది, తీగ మళ్ళీ కనపడింది. పెద్ద డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. డ్రైవరు పరీక్ష సవ్యంగా జరిగింది. తమ్ముడు మాత్రం పోతూ పోతూ మేడమ్‌ను మరోసారి తిట్టే పోయాడు.

అందుకే ఈ కడప బల్ల మీద అడిగాను. "తీగల పలక కదిలిచ్చి చూసినారా?"

"మిషన్ కొత్తది తాతా. పండుకో."

లేచి కూర్చున్నాను. డాక్టరు వచ్చి బతిమాలాడు, ఆపైన విసుక్కున్నాడు. "గుండె నాది గదయ్యా, నీకేం తొందర?" అన్నాను. చివరికి బీరువాలోంచి పలక వచ్చింది, దాని కవరు కూడా చింపలేదు! కట్టడానికి ఏమీ లేదన్నారు. నా గౌను నాడాలు పీకి ఇచ్చాను. ఒక చేత్తో గౌను పట్టుకుని పక్కగది అద్దం వెనక నిలబడి చూశాను. వాళ్ళు అటూ ఇటూ లాగారు. సన్న తీగ మాయమైంది.

టెక్నీషియన్ నా వైపు చూడకుండానే ఫిల్టరు తగ్గించాడు. అప్పుడు పడుకున్నాను. తెర మీద నా గుండె గరుకుగా, వికారంగా కొట్టుకుంది. తీగ కొస మాత్రం ప్రతి కుదుపులోనూ కనపడింది. నున్నగా మెరిసేది ఏది కంటబడినా ఒకసారి అటూ ఇటూ లాగి చూడందే నాకు మనసొప్పదు. ఆ మహాతల్లి తాను పోతూ ఈ సతాయింపును నాకు అంటించి పోయింది.