పచ్చబొట్టు చూసి చెప్పిన మాట

తెనాలిలో మా పేట వైపు రసూల్‌బీ పేరెత్తితే చాలు, "ఆవిడ కిరస్తానీల్లో కలిసిపోయిందటగా" అంటారు. సాక్ష్యం కూడా చూపిస్తారు. ఆమెను పూడ్చింది అంగలకుదురులో, నర్సు రిబ్కా వాళ్ళ సమాధుల దొడ్డిలో. పనిగట్టుకుని పోయి చూసొచ్చినవాళ్ళున్నారు. అంత దూరం పోయినవాళ్ళు ఆ మట్టి మీద సిలువ ఎందుకు లేదో మాత్రం అడగలేదు. బాప్తిస్మం తీసుకుంటుంటే కళ్ళారా చూశామన్నవాళ్ళూ ఉన్నారు. ఎక్కడ చూశావయ్యా అంటే ఒకడు బాపట్ల అంటాడు, ఇంకొకడు రేపల్లె అంటాడు. ఇద్దరూ చూడలేదు. జరిగింది ఇది.

రసూల్‌బీ ట్రంకుపెట్టెలకు రంగులేసే చాంద్ బాషా భార్య. పేటలో ముస్లిం ఆడవాళ్ళు ఎవరు పోయినా చివరి స్నానం చేయించేది ఆమే. రేగాకు వేసి కాచిన నీళ్ళు, కర్పూరం, శవానికి చుట్టే తెల్లటి కఫన్ గుడ్డ సర్దుకుని ఆమె గడపలో అడుగు పెడితే, గుండెలు బాదుకునేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవాళ్ళు. పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోసేది. బిగుసుకున్న చెయ్యి మడిచేటప్పుడు "కొంచెం ఓర్చుకో తల్లీ" అనేది.

పక్కింటి కోటిరత్నం ఒకసారి తెర ఇవతల నిలబడి ఆ మాట వింది. "పోయినోళ్ళు ఓర్చుకోక ఏం చేస్తారే!" అంది.

"పోయినోళ్ళకే ఎక్కువ ఓర్పు కావాలక్కా. మన చేతుల్లో పడతారు గదా" అంది రసూల్‌బీ.

రెండు వేల ఒకటి జనవరిలో గుజరాత్‌లో భూకంపం వచ్చింది. బాపట్ల నుంచి పాస్టరు బ్రహ్మానందం, ఆయన మిషన్ వాళ్ళు బియ్యం, దుప్పట్లు, మందులు పోగుచేసుకుని కచ్ వైపు బయల్దేరారు. వాళ్ళలో హిందీ వచ్చిన ఆడమనిషి లేదు. వాళ్ళతో పోతున్న నర్సు రిబ్కా తెనాలి వచ్చి రసూల్‌బీ గుమ్మంలో కూర్చుంది.

"పిన్నీ, నీ ఉర్దూ అక్కడ పనికొస్తుంది. పైగా శవాలంటే జంకవు."

"మీ యేసయ్య పాటలు నేను పాడనమ్మాయ్, ముందే చెబుతున్నా."

"నువ్వు పాడితే మిగిలిన గోడలు కూడా పడతాయిలే. పాడకుండానే రా."

చాంద్ బాషా అడ్డు చెప్పలేదు. అక్కడ చలి ఎక్కువంట అని తన దుప్పటి కూడా మడిచి ఇచ్చాడు.

వాళ్ళు దిగిన చోట ఊరన్నది లేదు. రాళ్ళ కుప్పలు, వాటి మీద మనుషులు. మిషన్ వాళ్ళు డేరా వేసి గుండిగల్లో అన్నం, పప్పుచారు వండారు. రొట్టెలు తినే ఆ జనం అన్నం మింగలేక, పారేయలేక, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే కూర్చునేవారు. బ్రహ్మానందం అందరితో పాటు రాళ్ళెత్తాడు. ప్రార్థన చేయమని ఎవరూ అడగలేదు, ఆయనా చేస్తాననలేదు. రిబ్కా కట్లు కట్టింది. రసూల్‌బీ చచ్చిపోయిన ఆడవాళ్ళ పక్కన కూర్చుంది.

రాళ్ళ కింద నుంచి తీసిన మనిషికి అయినవాళ్ళుంటే సరే. లేకపోతే పొద్దుగూకేలోగా కట్టెల మీదకో, గోతిలోకో పంపాలి. ఆడవాళ్ళను కట్టుబట్టను బట్టి చెబుదామంటే అందరివీ ఒకే తీరు పరికిణీలు, ఒకే తీరు ముసుగులు. ఎటు పంపాలో తెలియనప్పుడు మోసేవాళ్ళు రసూల్‌బీ మొహం చూసేవారు. ఎంతమందిని కడిగిన మనిషో అని వాళ్ళ నమ్మకం. ఆమె చెప్పిందే ఖాయం.

ఒక మధ్యాహ్నం పడుచు పిల్లను తెచ్చారు. మొహం ఆనవాలు లేదు. చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లు. చుక్కలు, తేళ్ళు, చిన్న చిన్న చెట్లు. తెనాలిలో గానీ, పుట్టిల్లు చెరుకుపల్లిలో గానీ, పచ్చబొట్టున్న ముస్లిం ఆడమనిషిని రసూల్‌బీ ఎరగదు. పొడిపించుకోవడం తమ మతంలో తప్పని చిన్నప్పుడే వాళ్ళమ్మ చెప్పింది.

"హిందువుల పిల్ల" అంది. రెండో ఆలోచన చేయలేదు.

పిల్ల కాలికున్న వెండి కడియం తీసి, ఎవరైనా వస్తే ఇద్దామని గుడ్డలో చుట్టిపెట్టింది. పిల్లను కట్టెల మీదకు తీసుకుపోయారు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ముసలామె డేరా దగ్గరికి వచ్చింది. దాచి ఉంచిన నగలన్నీ తడుముతూ ఆ కడియం దగ్గర ఆగింది. "యా అల్లా" అని కూలబడింది. ఆమె చేతుల నిండా అవే చుక్కలు, అవే తేళ్ళు, అవే చెట్లు.

రసూల్‌బీ ఆ చెయ్యి పట్టుకుంది. "చేతుల మీద ఇవేంటమ్మా?" అని అడిగింది.

"మా వైపు ఆడపిల్లలందరికీ పొడిపిస్తాం బేటీ. బోసి చేతులతో అత్తారింటికి ఎలా పంపుతాం? మా అమ్మ నాకు పొడిపించింది, నేను దానికి పొడిపించాను." కడియం చెంపకు ఆనించుకుంది. "నా బిడ్డకు నువ్వే నీళ్ళు పోశావా? ఎక్కడ పెట్టారు?"

రసూల్‌బీ చెయ్యెత్తి గోతుల వైపు చూపించింది. అంతకుముందు తాను నీళ్ళు పోసిన ఇంకెవరో ఆడమనిషి మట్టి అది. ముసలామె పోయి దాని పక్కన కూర్చుంది. మట్టిగడ్డలు వేళ్ళతో చిదిపి మెత్తగా సర్దింది. అరచేతులు పట్టి దువా చేసింది. తిరిగొచ్చి రసూల్‌బీ రెండు చేతులూ కళ్ళకద్దుకుని, "ఈ చేతులు చల్లగుండాలి" అంది.

పక్కనే కట్టు కడుతున్న రిబ్కాకు భాష రాకపోయినా అంతా అర్థమైంది. ఆమె చెబితే బ్రహ్మానందం వచ్చి కూర్చున్నాడు.

"తెలియక చేసినదానికి దేవుడు లెక్కగట్టడమ్మా."

"కాల్పించింది తెలియకే పాస్టరుగారూ. ఆ మట్టి చూపించింది తెలిసే గదా."

ఆయన లేచి మళ్ళీ రాళ్ళెత్తడానికి పోయాడు.

తెనాలి వచ్చాక రసూల్‌బీ ఎవరికీ నీళ్ళు పోయలేదు. ఎదురింటి కౌసర్ తల్లి పోయినప్పుడు కౌసర్ పరుగెత్తుకొచ్చింది. "నీ చేత్తోనే పోయించమని అమ్మ చెప్పి మరీ పోయింది పిన్నీ!"

"నా చెయ్యి బాగాలేదే" అని తలుపేసుకుంది రసూల్‌బీ.

అంతకుముందు రోజే ఆ చేత్తో బావిలో నీళ్ళు తోడడం అందరూ చూశారు. వేరే మనిషిని రేపల్లె నుంచి రప్పించేసరికి సాయంత్రమైంది. కౌసర్ ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

పైగా ప్రతి ఆదివారం అంగలకుదురు పోయేది. ఆటో వీరబాబు ఊరుకుంటాడా! "ఏంటి బీబమ్మా, ప్రార్థనకా, పలావుకా?" అని అరిచేవాడు. ఆమె కొంగు కప్పుకుని నడిచిపోయేది. కోటిరత్నానికి నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం చుట్టాలింటి వంక పెట్టుకుని వెనకే పోయి, రిబ్కా వాళ్ళ ప్రహరీ మీంచి చూసింది. చర్చీ లేదు, పాటా లేదు. ఇద్దరూ మాటా పలుకూ లేకుండా గోంగూర ఒలుస్తున్నారు. పాస్టరు తప్పితే రసూల్‌బీ చేతుల సంగతి తెలిసిన మనిషి రిబ్కా ఒక్కతే. ఆమె ముందు దాచుకునే పని లేదు, అందుకే పోయేది. కోటిరత్నం నెలల తరబడి రిబ్కాను కాల్చుకుతిని కచ్ సంగతంతా రాబట్టింది.

మూడో ఏడాది రసూల్‌బీ మంచాన పడింది. ఊపిరి అందేది కాదు. మసీదు పెద్ద సైఫుల్లా వచ్చి గుమ్మంలో నిలబడి, "జనం నోళ్ళు నేను మూయలేను. మతం మారలేదని నీ నోటితో ఒక్కమాట అను, మన గోరీల దొడ్డిలో నీ జాగా నీకుంటుంది" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగింది. అయినవాళ్ళ మధ్య, రేపు తన పక్కన, ఆమె ఉండాలని చాంద్ బాషా ఆశ. "ఆ ఒక్కమాట అనవే" అని అంత వయసు మనిషి పిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఇటు తిరగలేదు.

చివరికి కోటిరత్నం గంజి గ్లాసు పట్టుకుని వచ్చింది. తలుపు చేరవేసి మంచం పట్టె మీద కూర్చుంది.

"రసూలమ్మా, కచ్‌లో జరిగిందంతా నాకు తెలుసు. తెలియంది ఒక్కటే. నువ్వు వాళ్ళల్లో కలిశావా, లేదా? లేదంటే ఇప్పుడే పోయి ఆ సైఫుల్లాకి చెప్పొస్తా. మీ ఆయన మొహం చూడలేకపోతున్నానే."

రసూల్‌బీ ఇటు తిరిగింది. ఊపిరి కూడదీసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది.

"కలవలేదక్కా. నేను పోయేదాకా ఆ మాట ఎవరికీ చెప్పకు. లోకం ఆఖరయ్యాక లేచే రోజున, పోయిన మనోళ్ళంతా మట్టిలోంచి లేస్తారంట. ఆ పిల్లకి లేవడానికి మట్టే లేకుండా చేశాను. దాని తల్లి ఎవరి మట్టి దగ్గరో కూర్చుని ఏడుస్తా ఉంటుంది. ఇంక నేను ఏ మొహం పెట్టుకుని మనోళ్ళ మధ్య పడుకోను?"