అమ్మ వచ్చిన నాలుగు రోజులు

మా ఇంట్లో పొద్దున్నే దినఫలాలు చూసే పని నాది. పంచాంగంలో కాదు, మా మేనకోడలి ఉచ్చలో. చిన్న గ్లాసులో పట్టినదాంట్లో కాగితపు పుల్ల ముంచి, నిమిషం ఆగి రంగు చూడాలి. పసుపుగా ఉంటే ఆ రోజు మేమంతా మామూలు మనుషులం. ఆకుపచ్చకి తిరిగితే పిల్ల కిడ్నీల్లోంచి మళ్ళీ ప్రొటీన్ పోతోందని అర్థం. డిగ్రీ చదివి మిరప చేలోకి దిగినవాణ్ణి. నా చదువు అక్కరకొచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం ఇది.

దానికి ఆరేళ్ళు. మందుల వల్ల మొహం బూరెలా పొంగి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు "పిల్ల పుష్టిగా ఉందే" అని మెచ్చుకుంటే, "ఉప్పులేని తిండి మహిమండి" అనేవాణ్ణి. మా అక్క పోయి రెండేళ్ళయింది. జ్వరమని తన కాళ్ళ మీద తను నడిచి ఆసుపత్రికి వెళ్ళింది, అయిదో రోజు మేం మోసుకొచ్చాం. బావ చీమకుర్తిలో గ్రానైట్ కోసే చోట పనిచేస్తాడు. ఆదివారం వచ్చి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక టీవీ చూస్తాడు. అంచేత పెంచేది మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ. మామయ్యని కాబట్టి నవ్వించే శాఖ నాకిచ్చారు.

మిరప కోతల రోజుల్లో ఒక బుధవారం. పుల్ల పసుపుగానే ఉంది. గౌను మారుస్తుంటే వీపు మీద కనిపించాయి, ఎర్రటి చుక్కలు, మెడ కిందనుంచి నడుం దాకా. ఎవరో ఎర్ర ఇంకు పెన్ను విదిలించినట్టు.

"కల్లంలో కాయలు ఆరబోశారుగా, ఆ ఘాటు తగిలుంటదిలే" అన్నాను. మా ఊళ్ళో ఆ నెలలో తుమ్మినా, దగ్గినా, గోక్కున్నా నేరం మిరపకాయదే. అయితే ఆ పిల్లని మేం కల్లం ఛాయలకి పోనివ్వం. ఆ సంగతి నాకూ తెలుసు.

మా అమ్మ వచ్చి వంగి చూసింది. వేలితో ముట్టుకోలేదు. రెండు చేతులూ జోడించి, గొంతు తగ్గించి అంది.

"అమ్మ వచ్చిందిరా."

మా వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే రోగం అనరు, అమ్మవారు వచ్చిందంటారు. పెద్దవాళ్ళు చనువు కొద్దీ ఆ 'వారు' కూడా తీసేస్తారు.

మంచం మీదున్న పిల్ల గభాల్న తల తిప్పింది. మా అమ్మ వైపు కాదు, నా వైపు కాదు. గుమ్మం వైపు.

"ఏదీ?" అంది.

గుమ్మంలో మా చెప్పులున్నాయి. దండెం మీద నా లుంగీ ఊగుతోంది.

పది గంటలకల్లా వాకిట్లో వేపమండలు వేలాడాయి. పొయ్యి మీద తాలింపు ఆగిపోయింది. నాకు అనుమానం వచ్చి అడిగాను.

"పొద్దుటి మాత్ర వేశావా?"

"అమ్మ ఇంట్లో ఉండగా మందేందిరా? తప్పు. డబ్బా దేవుడి గూట్లో పెట్టా."

గుంటూరు బ్రాడీపేటలో పిల్ల కిడ్నీలు చూసే డాక్టరమ్మ రెండు ముక్కలు మా చేత వల్లె వేయించి పంపింది. ఈ మాత్ర మా అంతట మేం ఒక్క పూట కూడా ఆపకూడదు. ఒంటి మీద ఒక్క పొక్కు లేచినా ఆ రోజే తీసుకురావాలి. మిగతా పిల్లలకి ఆటలమ్మ వచ్చి పోతుంది. ఈ పిల్లకి ఆ మాత్ర వల్ల ఒంట్లో కాపలావాళ్ళందరూ నిద్రలో ఉంటారు కాబట్టి ప్రాణం మీదకి రావచ్చు.

"అమ్మా, గుంటూరు పోదాం పద."

"గడప దాటించకూడదురా. అమ్మకి కోపమొస్తది."

"డాక్టరమ్మకీ కోపమొస్తది. ఆవిడా అమ్మేగా."

"లెంపలేసుకో ముందు, వెధవా!"

వేసుకున్నాను. నేను లెంపలేసుకుంటే పిల్ల నవ్వుతుంది. నవ్వింది కూడా. మా అమ్మ మాత్రం వంటింటి తలుపు పట్టుకుని అటు తిరిగి అంది.

"ఒకదాన్ని పంపించాంగా ఆసుపత్రికి. చాల్లేదా?"

ఆమె భయం అమ్మవారి గురించి కాదని నాకప్పుడు అర్థమైంది. అర్థమైనందువల్ల నోటికి ఏదొస్తే అది అనేశాను.

"సరే, అమ్మనీ తీసుకుపోదాం. పక్కింటివాళ్ళ కారడుగుతా. వేపమండలు సీటుకి కడదాం. ఈ రేకుల కింద ఉడికే బదులు ఏసీలో చల్లగా కూర్చుని వస్తది పాపం."

గరిటె నా మీదకి వస్తుందనుకున్నాను. మా అమ్మ ఆలోచించింది.

"ఆ కారులో ఏసీ సరిగ్గా పనిచేస్తదా?" అంది.

దేవుడి గూట్లోంచి డబ్బా తీసి, అమ్మవారికి తప్పు చెప్పుకుని, మాత్ర వేసింది. పసుపునీళ్ళ చెంబు పట్టుకుని ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. వెనక సీటంతా పిల్లకే. కొంతదూరం పోయాక అద్దంలో చూస్తే, అది తలుపుకి అతుక్కుని మూలకి ఒదిగి ఉంది.

"ఇరుగ్గా ఎందుకే? మధ్యకి జరిగి పడుకో."

"ఇక్కడ అమ్మ కూర్చుంటది" అంది, ఖాళీ చోటు చూపించి. "నువ్వే అన్నావుగా తీసుకుపోదామని."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏసీ పెంచాను.

ఆసుపత్రిలో వేరే గదిలో ఉంచారు. ఆటలమ్మే అయితే ఆలస్యం కాకూడదని సూది మందు మొదలుపెట్టారు, రక్తం తీశారు. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిడితే ధైర్యంగా ఉండేది. బావ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు, తల నిండా రాతి దుమ్ము. ఆ గదిలో టీవీ లేదు. కూతురి పాదం చేత్తో పట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు.

రెండో రోజు చుక్కలు పొట్ట మీదకి వచ్చాయి. మూడో రోజు చేతుల మీదకి. నీటి పొక్కులు మాత్రం కాలేదు. నేను చుక్కలకి పెన్నుతో కళ్ళూ ముక్కూ గీస్తానంటే, అది నీరసంగా "రేపు గీద్దువులే మామయ్యా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి మా అమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. ఎందుకని ఎవరం అడగలేదు. మర్నాడు అయిదో రోజు.

అయిదో రోజు పొద్దున చుక్కల్లేవు. చెప్పాపెట్టకుండా వచ్చినట్టే పోయాయి.

"ఆటలమ్మ కాదు" అంది డాక్టరమ్మ. "ఇంకేదో వైరస్ కావచ్చు, ఏదైనా పడకపోయి ఉండొచ్చు. పరీక్షల్లో ఏం దొరకలేదు. మళ్ళీ కనిపిస్తే మళ్ళీ ఇలాగే తీసుకురండి."

"మిరపకాయల ఘాటు అయ్యుండొచ్చాండి?"

"కల్లం దగ్గరికి వెళ్ళిందా?"

"లేదండి."

"మరెందుకడిగారు?"

ఏదో ఒక పేరు ఉంటే దాన్ని వెక్కిరించవచ్చని. ఆ మాట ఆవిడతో అనలేదు. కాగితం మీద మాత్రం కారణం తెలియలేదనే రాసిచ్చింది.

బావని బస్సెక్కించి మేం బయలుదేరాం. సీటుకి కట్టిన వేపమండలు కరకరలాడేలా ఎండిపోయాయి. మా అమ్మ వెనక్కి తిరిగి పిల్ల బుగ్గ నిమిరింది.

"అమ్మ చల్లగా వెళ్ళిపోయింది తల్లీ. ఇంక భయంలేదు."

పిల్ల కాసేపు కిటికీలోంచి చూసింది. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా కల్లాలు.

"నాతో చెప్పలేదే" అంది.

మా అమ్మ మళ్ళీ ముందుకు తిరిగి రోడ్డు చూడసాగింది. అద్దంలో పిల్ల ఇంకా ఆ తలుపు పక్కనే, మూలకి ఒదిగే ఉంది.

"ఇప్పుడన్నా మధ్యకి జరగవే" అన్నాను.

"ఒకవేళ దార్లో ఎక్కితే?"

చిలకలూరిపేట దాకా మంచి రోడ్డు. ఎనభైలో పోవచ్చు. నేను నలభైలోనే పోనిచ్చాను. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొట్టి, తిట్టుకుంటూ దాటిపోయాడు.