చెల్లెలి ఇంట్లో లైటు

మా చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. పేము కుర్చీలు అల్లుతుంది. బద్దను కాలి బొటనవేలితో నొక్కిపట్టి, రెండు చేతులా అల్లిక బిగిస్తూ, పక్కన కూర్చున్న నన్ను ఆటపట్టిస్తూ ఉంటుంది. నాకు నోరెక్కువని దాని ఫిర్యాదు. ఎక్కువే, కాదనను. ఆ నోటితోనే దానికి ఎన్నో పనులు చక్కబెట్టాను. అసలైన వేళ మాత్రం అది పనికి రాలేదు.

దానికి పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉందని బుడంకాయ అని పిలిచేవాళ్ళం. మరిది లారీ తోలతాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. నేను పై వాటాలో ఉంటాను. క్యాంటీన్‌లో వంటపని ముగించుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరతాను. పగలంతా పిల్ల పాలూ నీళ్ళూ నిద్రా చెల్లెలే చూసుకునేది.

ఒకరోజు పొద్దుగూకాక పిల్లల సంక్షేమ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. గుడ్డిది పసిపిల్లని పెంచుతోందని ఎవరో పుణ్యాత్ములు చెప్పారట. తలుపు తోసి చూసేసరికి ఇల్లంతా చీకటి. ఆ చీకట్లోనే చెల్లెలు కుర్చీ అల్లుకుంటోంది, పిల్ల చాప మీద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. లైటు వెయ్యాలన్న ధ్యాసే చెల్లెలికి లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లైటుతో దానికేం పని? నేను రాగానే ముందు దాని వాటాలోకెళ్ళి స్విచ్ వేస్తాను కాబట్టి, ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పిల్లని వేరేచోట ఉంచాలా వద్దా అని విచారణ పెట్టారు. చెల్లెలికి తిండి సయించలేదు, పిల్లని ఒళ్ళోంచి దించలేదు.

"అక్కా, దీన్ని తీసుకుపోతే నేనెందుకే బతకడం?" అంది.

డబ్బు తీసుకోకుండా వాదించే లాయరమ్మ ఒకరున్నారని తెలిసి, దాన్ని లాక్కెళ్ళాను. ఆవిడ అంతా విన్నది.

"తల్లికి చూపు లేదన్న ఒక్క కారణంతో పిల్లని విడదీయడానికి చట్టం ఒప్పుకోదమ్మా. నీకు సాయం కావాలంటే, ఆ సాయం అందించాల్సింది ఆ శాఖ వాళ్ళే. కానీ లైటు సంగతి కొట్టిపారెయ్యకు, పిల్లకి వెలుతురు కావాలి."

"వేస్తానండీ. ఎప్పుడు వెయ్యాలో తెలిస్తే చాలు," అంది చెల్లెలు.

విచారణ జరిపే పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీకు చూపుంది కదా. పిల్లని మీకు అప్పగిస్తే గొడవ వదులుతుందిగా?"

నాకు ఒళ్ళు మండింది. "పిల్ల దానిదండీ. నేను పెద్దమ్మని. నాకా పదవి చాలు," అన్నాను. లాయరమ్మ బల్ల కింద నా చెయ్యి గిల్లి, చట్టం సంగతి తాను చెప్పింది. చివరికి గడువిచ్చారు. ఒక నర్సమ్మ ఇంటికొచ్చి నేర్పాలి. తర్వాత ఆ శాఖ ఆవిడే చెప్పకుండా వచ్చి చూడాలి.

నర్సమ్మ బంగారం లాంటి మనిషి. మందు కొలిచి పట్టడం నేర్పింది, టైము పైకి చెప్పే గడియారం తెచ్చిచ్చింది. సాయంత్రం అది పలకగానే చెల్లెలు చేతిలో పని పక్కన పడేసి, లేచి స్విచ్ వేసేది.

శాఖ ఆవిడ మళ్ళీ వచ్చిన సాయంత్రం వీధి వీధంతా కరెంటు పోయింది. పనినుంచి వస్తూ ఆవిడని మా గుమ్మంలో చూసి, వెనకే లోపలికి పరిగెత్తాను. లోపల చిమ్మచీకటి. ఆవిడ కాలికి కుర్చీ తగిలి తూలింది. పిల్లని చంకనెత్తుకున్న చెల్లెలు, ఇంకో చేత్తో ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చూసుకుని రావాలి కదమ్మా. లైటు వేసే ఉంచానుగా," అంది.

కరెంటు లేదే అని నేను చెప్పాలి. నోరు పెగల్లేదు.

అంతలో కరెంటు వచ్చింది. మా వాళ్ళెవరూ స్విచ్ ముట్టుకోలేదు, బల్బు దానంతటదే వెలిగింది. బుడంకాయ ఆ వెలుతురు చూసి కిలకిలా నవ్వింది.

"ఏమైంది, ఎవరూ మాట్లాడరేం?" అంది చెల్లెలు కంగారుగా.

"ఏం లేదమ్మా," అంది ఆవిడ. "నీ లైటు చూస్తున్నాను."

పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని తేల్చారు. లాయరమ్మకీ, నర్సమ్మకీ, ఆఖరికి ఆ శాఖ ఆవిడకీ కూడా మనసులో దణ్ణం పెట్టుకోని రోజు లేదు. బుడంకాయ ఇప్పుడు బడికెళ్తోంది, ఆ బల్బు కిందే కూర్చుని పాఠాలు తల్లికి చదివి వినిపిస్తుంది. సాయంత్రం స్విచ్ మాత్రం దాన్ని వెయ్యనివ్వదు మా చెల్లెలు.

"అది అమ్మ పని," అంటుంది.